కోటు కింద టార్చి

ఒహాయోలో మే నెల ఉదయాలు కూడా చలిగానే ఉంటాయి. ప్రొద్దుటూరు ఎండలు వదిలి వచ్చినవాడికి మరీ చలి. అందుకే ఆ శనివారం అల్లుడి కోటు తొడుక్కుని నేను యార్డ్ సేల్‌కు బయల్దేరితే ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు, ఒక్క మా ఆవిడ తప్ప.

"చలికేనా?" అంది.

"చలికే" అన్నాను.

కోటు లోపలి జేబులో టార్చి ఉందని ఆమెకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

మామూలు టార్చి కాదది. వెలిగిస్తే కాస్త ఊదారంగు మసక తప్ప ఏమీ కనపడదు. దొంగనోట్లు పట్టడానికి మన అంగళ్ళలో గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటారే, ఆ దీపం జాతిది. అతినీలలోహిత కాంతి. ఆర్నెల్లు ఉందామని కూతురింటికి వచ్చినవాడికి ఈ టార్చితో ఏం పని అంటారా? ఆ పిచ్చి పట్టించింది మా మనవడు.

వాడికి పుట్టినరోజుకు ఎవరో ఒక రహస్యాల పెన్ను ఇచ్చారు. దాంతో రాస్తే అక్షరాలు కనపడవు. మూతకున్న బుల్లి దీపం వేస్తే కనపడతాయి. ఒక రాత్రి వాడు ఆ దీపం పట్టుకుని, లైట్లన్నీ ఆర్పేసి ఇల్లంతా గాలిస్తూ వంటింట్లోంచి "తాతా, పచ్చడి కప్పు మండుతోంది!" అని అరిచాడు. పరుగెత్తాను. మా అమ్మాయి పాతసామాన్ల దుకాణంలో అర డాలరుకు కొని చింతకాయ పచ్చడి వేసుకునే ఐస్‌క్రీం కప్పు అది. పగలు చూస్తే లేత ఆకుపచ్చ గాజు, అంతే. ఇప్పుడు చీకట్లో తనే ఒక దీపమైనట్టు వెలుగుతోంది. మిణుగురు పురుగును దోసిట్లో మూసి వేళ్ళ సందుల్లోంచి చూస్తే ఉంటుందే, ఆ పచ్చ.

యురేనియం గాజు.

జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. ఈ గుణానికి తెలుగులో ప్రతిదీప్తి అంటారని, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా 1852లో స్టోక్స్ దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడని, రెండు మార్కులకు తప్పకుండా వస్తుందని ఏటా బోర్డు మీద రాసి కింద గీత గీశాను. ఆ స్టోక్స్ తన ప్రయోగాల్లో ఇలాంటి గాజునే వాడాడని మాత్రం నాకు తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పిన పాఠాన్ని కంటితో చూసింది ఆ రాత్రే, ఎనిమిదేళ్ళ పిల్లాడి బొమ్మ దీపంతో.

"యురేనియం కోసం ఇంత దూరం రావాలా? తుమ్మలపల్లె గని మన జిల్లాలోనే ఉందిగా" అంది మా ఆవిడ. కూతురు మాత్రం భయపడింది. ఆమెకు పాఠం చెప్పాను. వెలుగు వేరమ్మా, రేడియోధార్మికత వేరు. వెలుగు దీపం పడినంతసేపే, దీపం తీస్తే పోతుంది. రెండోది దీపం ఉన్నా లేకున్నా దాని పని అది చేసుకుపోతుంది, కానీ ఈ గాజులో యురేనియం మామూలుగా నూటికి రెండు పాళ్ళు, ఇంకా తక్కువ కూడా. అల్మరాలో పెట్టుకుని చూసుకోవడానికి భయం లేదు. పుల్లటి వస్తువు నిల్వ పెడితే మాత్రం పులుపు గాజులోంచి కొద్దికొద్దిగా లాగుతుంది. చింతకాయ పచ్చడి ఆ రాత్రే స్టీలు గిన్నెలోకి మారింది.

ఆ తర్వాత నెల రోజులు నేను చదివినంత ఉద్యోగంలో ఉండగా చదివి ఉంటే ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యేవాణ్ణి. బొహీమియాలో యోఆకిమ్‌స్థాల్ అని ఒక గనుల ఊరు. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, యాకిమోవ్ అంటారు. 16వ శతాబ్దంలో అక్కడి వెండితో కొట్టిన నాణేలను ఊరి పేరు మీద థాలర్లు అన్నారు. ఆ మాటే నోళ్ళలో నలిగి నలిగి డాలర్ అయింది. అదే ఊరి గనుల్లో పిచ్‌బ్లెండ్ అని నల్లరాయి. అలాంటి రాయిలో కొత్త మూలకం ఉందని 1789లో బెర్లిన్‌లో క్లాప్రోత్ కనిపెట్టి, అప్పటికి ఎనిమిదేళ్ళ కింద బయటపడ్డ యురేనస్ గ్రహం పేరు తగిలించాడు. 1830ల్లో యోసెఫ్ రీడెల్ అనే బొహీమియా గాజు వ్యాపారి దాని రంగు కలిపి పసుపు, ఆకుపచ్చ గాజు సామాను చేశాడు. ఆ రెండు రంగులకూ అన్నా అనే పేరు చేర్చి పిలిచాడు. గాజు రంగు కోసం యురేనియం లాగేశాక మిగిలిన పిప్పిని ఎవరికీ అక్కర్లేదని అడవిలో పారబోసేవాళ్ళు. మేరీ క్యూరీ బస్తాలకెత్తించి పారిస్ తెప్పించుకున్నది ఆ పిప్పినే. రేడియం అందులోంచే తీసింది.

అంటే డాలరూ, ఈ గాజూ ఒకే ఊరి బిడ్డలు. ఆ ఇద్దరూ కలిసి నన్నేం చేశారో చెప్పడానికే ఇదంతా.

అమెరికాలో ఈ గాజు ఎక్కువగా దొరకడానికి కారణం దరిద్రం. 1929లో స్టాక్ మార్కెట్ కూలాక, జనం దగ్గర డబ్బులేని ఆ పదేళ్ళలో, పెన్సిల్వేనియా, ఒహాయో, వెస్ట్ వర్జీనియా ఫ్యాక్టరీలు యంత్రాలతో అచ్చుపోసి చవక గాజు సామాను గుట్టలు గుట్టలుగా చేశాయి. ఓట్స్ డబ్బాలో ఒక కప్పు ఉచితం. సినిమా టికెట్టు కొంటే ఒక సాసరు ఉచితం. సెట్టు పూర్తి కావాలంటే వారం వారం సినిమాకు వెళ్ళాలి. ఊరికే ఇచ్చిన ఆ సామానే ఇప్పుడు అద్దాల బీరువాల్లో ఉంది. యుద్ధం వచ్చాక ప్రభుత్వం యురేనియాన్ని బాంబుల పనికి తీసేసుకుంది. 1958లో గాని గాజువాళ్ళకు మళ్ళీ దొరకలేదు.

గుర్తుపట్టడం తేలికే అనుకున్నాను మొదట్లో. దీపం వేయి, పచ్చగా వెలిగితే కొను. మా ఊళ్ళో బంగారు అంగళ్ళలో గీటురాయి మీద ఒక్క గీత గీసి చెప్పేసినట్టు. రెండు వారాల్లోనే ఆ అమాయకత్వం పదకొండు డాలర్లకు వదిలింది. పచ్చగాజంతా యురేనియం కాదు. చాలావాటికి ఇనుమో క్రోమియమో రంగు. అవి దీపం కింద చచ్చినట్టు పడుంటాయి, ఆ గొడవ లేదు. మోసం చేసేది మాంగనీసు. అది కూడా పచ్చగానే వెలుగుతుంది, కాకపోతే నీరసంగా. 365 నానోమీటర్ల టార్చి వేస్తే ఆ నీరసం కూడా ఆరోగ్యంలాగే కనిపిస్తుంది. 395 టార్చి వేస్తే మాంగనీసు ముడుచుకుపోతుంది, యురేనియం మాత్రం అరుస్తుంది. కాడ్మియం ఉన్నది పసుపుగానో నారింజగానో వెలుగుతుంది. కాబట్టి రెండు టార్చిలుండాలి. వెలిగినంత మాత్రాన పాతదనీ కాదు. ఈమధ్య చేసినవీ వెలుగుతాయి. అప్పుడిక అచ్చు చూడాలి. ఏ కంపెనీ, ఏ పువ్వు, ఏ ఏడు.

ఇక ధర. ఇక్కడే బుర్ర కావాలి. యురేనియం ఉంది కదా అని ధర పెరగదు, సాసర్లు అయిదు పది డాలర్లకు వీధి వీధినా దొరుకుతాయి. అంచు వెంబడి గోరు నడిపించాలి. కంటికి కనపడని పెచ్చు గోటికి తగులుతుంది, తగిలితే సగం ధర పోయినట్టే. గిన్నెలు కడిగే మిషన్లో వేసి వేసి తెల్లబారిపోయిన గాజును ఏం చేసినా బాగుచేయలేం. తడిగా ఉన్నప్పుడు ఆ తెలుపు దాక్కుంటుంది, అందుకని ఎవరైనా గాజును తడిపి చూపిస్తే ఆరేదాకా ఆగాలి. అన్నిటికన్నా పెద్ద సంగతి మూత. చక్కెరగిన్నె, వెన్నగిన్నె, జాడీ, ఏదైనా సరే, తొంభై ఏళ్ళలో ముందు పగిలేది మూతే. కింది పళ్ళెం దొరుకుతుంది, మూత దొరకదు. చాలా అచ్చుల్లో వెన్నగిన్నె ధరలో ముప్పాతిక మూతదే.

ఇవన్నీ వంటబట్టించుకుని, రెండు టార్చిలతో, కోటుతో, ఆ శనివారం నాలుగు వీధుల అవతల ఒక పెద్దావిడ ఇంటి ముందు నిలబడ్డాను.

డెబ్బై అయిదు పైనే ఉంటాయి. మడత కుర్చీలో కూర్చుని గళ్ళ నుడికట్టు నింపుతోంది. పక్కన ఫ్లాస్కు. గడ్డి మీద బల్లలు, బల్లల మీద మామూలు సంత: పాత బొమ్మలు, ఒంటి చెప్పుల జతలు, చెడిపోయిన టోస్టరు. కాళ్ళ దగ్గర ఒక అట్టపెట్టె. దాని మీద చేతిరాత: ఏదైనా 3 డాలర్లు. పెట్టెలో కాగితాల మధ్య పచ్చగా ఏదో అంచు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. కోటు రెండు పక్కలా తెరిచి పెట్టె మీదికి వంగితే లోపల మంచి చీకటి. టార్చి నొక్కాను.

అరిచింది.

గుండె ఆగినంత పనైంది. దీపం ఆర్పి, బయటకు తీసి, ఏమీ ఎరగనట్టు తిప్పి చూశాను. నల్లటి మట్టి పూసుకుపోయి ఉంది. మట్టి కింద పువ్వు తేలింది. పెన్సిల్వేనియాలోని జెన్నెట్ కంపెనీ 1931 నుంచి 1935 దాకా పోసిన ఫ్లోరల్ అచ్చు. నెల రోజులుగా బొమ్మల్లో చూస్తున్న పువ్వు. మధ్యలో మూత కూర్చోవడానికి చిన్న గట్టు. సాసరు కాదు, వెన్నగిన్నె కింది పళ్ళెం! ఒంటిగానే పాతిక డాలర్లు పలుకుతుంది. గోరు నడిపాను. ఒక్క పెచ్చు లేదు.

"అదా హనీ" అంది పెద్దావిడ, నుడికట్టు మీంచి తలెత్తకుండా. నాకు అరవై ఏడేళ్ళు, నన్ను హనీ అన్నవాళ్ళు ఇంతవరకు లేరు. "పూలకుండీ కింద పెట్టుకునేదాన్ని. నీళ్ళు కారకుండా బాగుంటుంది."

పాపం, అనుకున్నాను. నిజం చెప్పాలంటే పాపం అనుకోలేదు, ఆహా అనుకున్నాను. ఆమెకు చెప్పి ఉండొచ్చు. అమ్మా, ఇది మూడు డాలర్ల వస్తువు కాదు అని. చెప్పలేదు సరికదా, పుట్టిన ఊరి బుద్ధి ఊరుకోక, "రెండుకు ఇస్తారా? మట్టి కొట్టుకుపోయింది" అన్నాను. ఆమె నన్నోసారి, నా కోటునోసారి చూసింది. "మట్టి కొట్టుకుపోయింది కదా" అని ఒప్పుకుంది. పక్కనున్న రంగు కాగితాల దొంతరలోంచి ఒకటి లాగి, పెన్సిలుతో దాని వెనక ఏదో గీకి, పళ్ళేన్ని అందులో చుట్టి ఇచ్చింది. లెక్క రాసుకుందేమో అనుకున్నాను, నుడికట్టు పెన్సిలు కదా.

ఇంటికొచ్చి వంటింటి సింకులో పెట్టాను. నేను కడగబోతే మా ఆవిడ లాక్కుంది. గాజు సామాను కడగడం ఆమె దృష్టిలో భౌతికశాస్త్రం కాదు. వేలితో తుడిచి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మట్టి కాదండీ. కాఫీ పిప్పి."

"ఇక్కడివాళ్ళు మొక్కలకు కాఫీ పిప్పి ఎరువుగా వేస్తారే" అన్నాను. నిజంగానే వేస్తారు. తెలిసినవాడికి ప్రతిదానికీ జవాబు ఉంటుంది.

కడిగాక ఆ పళ్ళెం బల్ల మీద పెట్టి, లైట్లార్పి, టార్చి వేసి మనవడికీ అల్లుడికీ చూపించాను. అందరూ ఆహా అన్నారు. మా ఆవిడ మాత్రం, "బాగుంది. మరి దీని మూతేదీ?" అంది.

అదొక్కమాట చాలు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మధ్యలో గట్టు ఉండీ మూత లేని పళ్ళెం చూస్తూంటే దవడలో పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టే ఉంటుంది. పొద్దున్న చుట్టిన కాగితం చెత్తబుట్టలో వేయబోతూ విప్పి చూశాను. పాత వస్తువుల మాల్ ఒకదాని ప్రకటన అది. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. కింద చుక్కల గీత, కత్తిరించుకుంటే పది శాతం తగ్గింపు. వెనక పెన్సిలుతో 17.

అదృష్టం అంటే ఇలా వరసగానే వస్తుంది అనుకున్నాను.

అలాంటి మాల్ మీరు చూసి ఉండకపోతే చెబుతాను. పెద్ద రేకుల షెడ్డు. లోపల వందలకొద్దీ అరలు, గాజు బీరువాలు. ఒక్కొక్కటి ఒక్కొక్కరు అద్దెకు తీసుకుని సరుకు పెట్టుకుంటారు. అమ్మేవాళ్ళెవరూ అక్కడ ఉండరు. చీటీ మీద అర నంబరు, ధర ఉంటాయి. గుమ్మం దగ్గర ఒకే కౌంటరు, అక్కడొక కుర్రాడు. ఎవరి సరుకు అమ్ముడైతే వాళ్ళ ఖాతాలో రాస్తాడు.

రెండు గంటలు తిరిగాం. మా ఆవిడ కాళ్ళు నొప్పులని ఒక అమ్మకానికున్న ఊగే కుర్చీలో కూర్చుంది. నేను టార్చి తీసుకుని అరలన్నీ వెతికాను, ఇక్కడ దాచుకోనక్కర్లేదు, సగంమంది చేతుల్లో టార్చిలే. చివరికి ఒక మూల బీరువాలో, పైన పిడితో, ఒంటరిగా, మూత. ఫ్లోరల్ అచ్చు. టార్చి వేశాను, అరిచింది. అంచు చుట్టూ గోరు నడిపాను, నునుపు. పొడిగా ఉంది, తెల్లబారలేదు. సంచిలోంచి పళ్ళెం తీసి దాని మీద మూత పెట్టాను. టక్కుమని కూర్చుంది. తొంభై ఏళ్ళ కింద ఒకే చోట పుట్టిన రెండు ముక్కలు నా చేతుల్లో కలిశాయి. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

చీటీ చూశాను. 68 డాలర్లు.

గట్టి ధరే. కానీ లెక్క వేశాను. పది శాతం పోతే 61 చిల్లర. పళ్ళెం రెండు. మొత్తం 63. జత పుస్తకాల్లో తొంభై దాకా ఉంది. ఎటు చూసినా పాతిక పైన లాభం. వాసి తెలిసినవాడు ఎక్కడైనా బతుకుతాడు.

కౌంటరు కుర్రాడు మూతను కాగితంలో చుట్టాడు. చీటీ చింపి చూసి, నా తగ్గింపు కాగితం తీసుకుని వెనక్కి తిప్పాడు. పెన్సిలు అంకె చూసి నవ్వాడు.

"పదిహేడో నంబరు బీరువా. వాళ్ళ కాగితమే" అని సొరుగు లాగాడు. లోపల క్లిప్పు పెట్టిన కాగితాలు. అవే రంగు, అవే చుక్కల గీతలు. ఒక్కొక్కటి గుండ్రంగా ముడతలు పడి ఉంది, పళ్ళెం చుట్టినట్టు. ఒక్కొక్కదాని మీద గోధుమరంగు మరకలు. నాది వాటి మీద పెట్టాడు. "ఈ నెలలో ఇది అయిదోది, సార్."

"అందరూ ఏం కొన్నారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మూతలే. ఆ పెద్దావిడ ముందు వెన్నగిన్నెలు జతగానే పెట్టేది, నలభై అయిదు డాలర్లకు. ఏడాదిన్నర ఒక్కరూ తాకలేదు. ఈ వసంతం నుంచి మూతలొక్కటే తెస్తోంది. పెట్టిన వారానికే పోతున్నాయి."

మా ఆవిడ ఊగే కుర్చీలోంచి లేచి వచ్చి ఎప్పుడు నిలబడిందో చూడలేదు. సొరుగులోకి వంగి, పైనున్న కాగితం తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే పెట్టేసింది.

"మరి కింది పళ్ళేలు?" అన్నాను.

"అదే నేనూ అడిగాను సార్" అన్నాడు కుర్రాడు, చిల్లర లెక్కపెడుతూ. "అవి పూలకుండీల కిందికి బాగుంటాయంది."